కొలతలక్క చూసిన అట్ట బొమ్మ

వీధి వీధంతా ఆమెను కొలతలక్క అనే పిలిచేది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్క అనే అనేవాళ్ళు. మనిషి ఎదురుపడగానే మొహం కంటే ముందు భుజాలు చూసే అలవాటు ఆమెది. ‘వీడికి ఈ ఏడాది చేతులు రెండు వేళ్ళు పెంచాలి’ అని లోపల అనుకున్నాకే ‘బాగున్నావా’ అని పైకి అనేది. రెండు బడుల పిల్లలకి యూనిఫారాలు కుట్టడం ఆమె పని. ఇంటి ముందుగదే దుకాణం. గోడవారగా కుట్టుమిషను, దానికెదురుగా కత్తిరింపుల బల్ల, బల్ల కింద గుడ్డముక్కల సంచి, కిటికీ పక్కన తీగకి వరసగా వేలాడే తెల్ల చొక్కాలూ నీలం లాగులూ. బడులు తెరిచే రోజులు వచ్చాయంటే ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మిగతా కాలమంతా చిరుగులు, పొడవు తగ్గించడాలు, ఊడిన గుండీలు.

భర్త సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. మాట తక్కువ మనిషి. ఉద్యోగమంతా వెనకాల బస్సెడు జనం మాట్లాడుతుంటే తను ముందుకు చూస్తూ కూర్చున్నవాడు, ఇంట్లోనూ అంతే. పొద్దున్నే టీ కాచడం, ముందుగది ఊడ్చడం, మిషనుకి నూనె వేయడం ఆయన వంతు. ఒక్కతే కూతురు, ఊరికి ఆ చివర ఉంటుంది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, పైగా ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఆదివారం వచ్చి అమ్మను కేకలేసి, పాత గుడ్డలు సర్దేసి వెళ్ళిపోతుంది.

ఇక ఆడపడుచు. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి ఈమధ్యే ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా, పెళ్ళయి ఇన్నేళ్ళయినా వదినగారింట్లో పోపులపెట్టె ఎక్కడుండాలో ఆవిడే చెబుతుంది. కొలతలక్క మాత్రం తక్కువదా? ‘అసలు మొగుడే నోరెత్తడు, ఈ అర్ధమొగుడు ఆ లోటు కూడా తీరుస్తోంది’ అని మొహం మీదే అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మనసులో ఏదీ ఉంచుకోని వదినామరదళ్ళని వాళ్ళకి పేరు. ఆ పేరు ఆ ఏడాది కాస్త తప్పయింది. ఎందుకంటే కొలతలక్క మనసులో ఒకటి ఉంచుకుంది.

ఆమె కళ్ళు మసకబారాయి.

మొదట్లో దీపం చుట్టూ దూదిపింజెలాంటి వెలుగు కనబడేది. తరవాత నలుపు దారానికీ నీలం దారానికీ తేడా తెలియకుండా పోయింది. ఎప్పుడూ గదినిండా ఎవరో నీళ్ళు మరగబెడుతున్నట్టు ఆవిరి తెర. వార్తాపత్రిక చదవడం మానేసి, రోజూ అవే వార్తలని వంక పెట్టింది. దారపు రీళ్ళను రంగు వరసన గూట్లో పేర్చుకుని, ఎడమనుంచి ఎన్నోదో లెక్కపెట్టి తీసుకునేది. కుట్టు సూటిగా పోతోందో లేదో చూపుడువేలితో తడిమి చూసుకునేది. సూదిలో దారం ఎక్కించడమే గండం. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్లమీద పడే వేళ కూర్చుని, నాలుగైదు సూదులకు ఎలాగో ఎక్కించి సూదుల దిండుకి గుచ్చి పెట్టుకునేది. ఆ నాలుగైదుతోనే మర్నాటి దాకా పని సాగిపోతోందని, ఫరవాలేదు ఎలాగో నెట్టుకొస్తున్నానని సంతోషపడేది. మందుల షాపుకి వెళ్ళి, మా ఆయనకి కళ్ళు మండుతున్నాయి అని చెప్పి చుక్కల మందు తెచ్చుకునేది.

ఎందుకు దాచింది అంటే దానికి కారణం ఉంది. అది తరవాత.

ఆడపడుచుకి పుస్తకాల పిచ్చి. ఉద్యోగం వదిలాక ఆ పిచ్చికి పది మందిని జతచేసింది. నెలకోసారి లైబ్రరీ మేడమీద గదిలో కూడి, అందరూ ఒకే పుస్తకం గురించి మాట్లాడుకుంటారు. అందులో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. పుస్తకం చదివాక మాట్లాడటం ఎవరైనా చేస్తారు, చదవకముందు కూడా ఒకసారి మాట్లాడాలి. అట్ట చూసి, పేరు చూసి, వెనక రాసిన నాలుగు ముక్కలు చదివి, లోపల ఏముంటుందనిపిస్తోందో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాలి. మరుసటి నెల చదివొచ్చాక, మొదట్లో ఎవరెంత తప్పుగా అనుకున్నారో తలుచుకుని నవ్వుకోవాలి. పెళ్ళిచూపుల్లో అనుకున్నదీ కాపురంలో తేలిందీ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు, అని ఆవిడ ఆ నియమానికి చెప్పిన భాష్యం.

ఒకరోజు సాయంత్రం ఆవిడ ఒక లావుపాటి నవల తెచ్చి కత్తిరింపుల బల్లమీద ఠప్పున పెట్టింది. ఈసారి నువ్వు కూడా రావాలి వదినా అంది. కొలతలక్క మిషను మీదకి మరింత వంగింది. పని మీద కూర్చుంటే తలెత్తే తీరిక లేదు, నేను చదివేదాన్నా చచ్చేదాన్నా అని తప్పించుకోబోయింది.

“పేరు చూసి మాట్లాడు” అంది ఆడపడుచు. “నీకోసమే రాసినట్టుంది.”

కొలతలక్క పుస్తకం చేతిలోకి తీసుకుని పేరు ఉండాల్సిన చోట చూసింది. నల్లటి గీతలేవో అలుక్కుపోయినట్టు కనబడ్డాయి. బాగుంది అని ఊరుకుంది.

“బాగుండటమేంటి? ‘ఒకే కొలత’! కొలతలక్క చదవకపోతే ఇంకెవరు చదవాలి?”

ఆ మాటకి ఆమె నిజంగానే మెత్తబడింది. పేరు నచ్చింది. ఎవరో దర్జీ మీద రాసిన కథ అయివుంటుందనుకుంది. లేకపోతే ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే కొలత గుడ్డలు పంచుకుని తొడుక్కునే ఇంటి కథ. చిన్నప్పుడు వాళ్ళింట్లో అలాగే ఉండేది. ఆడపడుచు వెళ్ళాక పుస్తకాన్ని వెలుతురులోకి పట్టుకుని తిప్పి చూసింది. అట్ట మీద పచ్చటి నేల, దాని నిండా ఎర్రెర్రటి పూలు. దగ్గరగా పెద్దవి, దూరం వెళ్ళేకొద్దీ చిన్నవైపోతూ కొండదాకా పరుచుకున్న తోట. కాగితం నున్నగా ఉంది. కొత్త బట్టల తానులో వచ్చే వాసనలాంటిదే ఇందులోనూ వచ్చింది. మంచి పుస్తకమే అనుకుని మిషను పక్కన గూట్లో పెట్టుకుంది.

ఆ వారమంతా ఆ పుస్తకం అక్కడే ఉంది. కొలతలకి వచ్చిన తల్లులు దాన్ని చూసి, అక్కా మీరు చదువుతారా అని ఆశ్చర్యపోయారు. ఆమె అవుననీ కాదనీ కాకుండా తల ఊపింది. పని మధ్యలో ఒక్కోసారి చెయ్యి చాచి దాన్ని తాకేది. లోపల ఏముందో తెలియదు కానీ, పూలతోట ఉన్న ఊళ్ళో ఒక దర్జీ ఇల్లు, వాకిట్లో మిషను, ఆమె మనసులో అలా ఏదో తయారైపోతూ వచ్చింది.

సమావేశం రేపనగా ఆమె ఆడపడుచుకి ఫోను చేసింది. చేతులు ఖాళీ లేవు, ఆ పుస్తకం వెనక రాసిన ముక్కలు కాస్త చదివి పెట్టమంది. ఆడపడుచు దగ్గర తన ప్రతి ఉంది, చదివింది. ‘పుట్టిన ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒకే కొలత చొక్కా ఇచ్చే దేశం అది. చొక్కా మనిషికి పట్టకపోతే తప్పు చొక్కాది కాదు, మనిషిది. లావుగా ఉన్నవాళ్ళు తగ్గాలి, పొట్టిగా ఉన్నవాళ్ళు సాగాలి. సరిపోనివాళ్ళను సరిచేయడానికి ఊరి చివర ఒక భవనం ఉంది. ఒక ఉదయం ఆ భవనం నుంచి ఒక మనిషి తిరిగివచ్చాడు.’

కొలతలక్క విని, అలాంటి చొక్కా చంక దగ్గర పుటుక్కుమంటుంది, అంది. మళ్ళీ ఒకసారి చదవమంది. రెండుసార్లు వినేసరికి ఆమెకి కంఠతా వచ్చేసింది. కొలతలన్నీ కాగితం అవసరం లేకుండా గుర్తుపెట్టుకునే మనిషికి అదో లెక్కా? పూలతోట ఊళ్ళో ఇలాంటి పిదపబుద్ధి ప్రభుత్వం ఎలా వచ్చిందో మాత్రం ఆమెకి అంతుపట్టలేదు. మొత్తానికి ధైర్యం చేసి వెళ్ళింది.

మేడమీద గదిలో ఇనుప కుర్చీలు గుండ్రంగా వేశారు. ఫ్యాను తిరుగుతూ టకటకమంటోంది. అందరిలోకీ పెద్ద, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ గారు. ఆయన మొదలుపెట్టి, ఇలాంటి నవలను డిస్టోపియా అంటారని, రేపు ఇలా పాడైపోతుంది సుమా అని ఇవాళే హెచ్చరించే రకమని వివరించారు. పక్కన కూర్చున్న మందుల షాపావిడ, ఇవాళ్టి భయాలే తీరడం లేదు, రేపటివి కూడా అరువు తెచ్చుకోవాలా అంది. అందరూ నవ్వారు. కరెంటు ఆఫీసు గుమాస్తా ఒకాయన, ఇలాంటి పుస్తకాల్లో చివరికి నాయకుడు చచ్చిపోతాడు, లేదా వాళ్ళలో కలిసిపోతాడు, నేను డబ్బులు పెట్టి పందెం కాస్తాను అన్నాడు. ఇంకొకావిడ, అట్ట చూస్తేనే వెన్నులో చలి పుట్టిందని, రాత్రి బోర్లా తిప్పి పెట్టి పడుకున్నానని చెప్పింది.

ఆ మాట కొలతలక్క చెవిన పడింది కానీ తలకెక్కలేదు. తన వంతు వస్తోందన్న కంగారులో ఉంది.

వంతు వచ్చింది. ఆమె ఒళ్ళో పుస్తకాన్ని నిమురుతూ, వెనక రాసింది విన్నానని, చొక్కా సరిపోకపోతే తప్పు దర్జీదని ఇన్నాళ్ళూ అనుకున్నానని, తప్పు తొడుక్కున్నవాడిది అనే సౌకర్యం ఉంటే నేను కూడా హాయిగా బతికేదాన్నని చెప్పింది. గది ఘొల్లుమంది. ఆ నవ్వుతో ఆమెకి కాస్త ఊపిరి వచ్చింది. అక్కడితో ఆపితే బాగుండేది.

“అయినా కథ మరీ అంత భయంగా ఉండదనుకుంటాను” అంది. “అట్ట మీద అంత చక్కటి పూలతోట వేశారు కదా. ఎర్రపూలు. అంత తోట పెంచుకున్న ఊళ్ళో మనుషులు మరీ అంత చెడ్డవాళ్ళయి ఉండరు.”

ఫ్యాను ఒక్కటే టకటకమంటోంది. ఆమె అటూ ఇటూ చూసింది. మొహాలన్నీ పిండిబొమ్మల్లా తెల్లగా, ఏ భావమూ తెలియకుండా ఉన్నాయి.

ముందుగా తేరుకున్నది లెక్చరర్ గారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, అమ్మా ఎంత మాటన్నారు అన్నారు. మనమంతా ఈ బొమ్మలో చూసినదాన్ని దాటి ఈవిడ చూశారన్నారు. మనిషిని మొక్కలా పెంచి, మొక్కలా కత్తిరించే రాజ్యాన్ని పూలతోట అనడంలో ఎంత వ్యంగ్యం ఉందో గమనించారా అని అందరినీ అడిగారు. గుమాస్తా అవునవునన్నాడు. రాత్రి పుస్తకం బోర్లా తిప్పినావిడ ఆ మాటను రాసుకుంది. కొలతలక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పొగుడుతున్నారని మాత్రం తెలిసింది. తెలిసి సిగ్గుపడింది.

అంతా అయ్యి మెట్లు దిగుతుంటే మందుల షాపావిడ వెనక నుంచి పలకరించింది. “అక్కా, అన్నయ్యగారికి కళ్ళ మంట తగ్గిందా? అన్నిసార్లు ఆ చుక్కలే వెయ్యకూడదు. ఒకసారి డాక్టరుకి చూపించండి.”

పక్కనే ఆడపడుచు ఉంది. తన అన్నయ్యవి గద్ద కళ్ళని, రోడ్డు చివర మలుపులో వచ్చే బస్సు నంబరు ఈ చివర నుంచి చదువుతాడని ఆవిడకి తెలుసు. కొలతలక్క దొంగకి తేలు కుట్టినట్టు, తగ్గింది తగ్గింది అని గొణిగి గోడ మీద చెయ్యి వేసి తడుముకుంటూ దిగింది. ఆ తడుముకోవడం ఆడపడుచు చూసింది.

దారిలో ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే వింత. రొట్టెల దుకాణం దాటారు, చెప్పుల దుకాణం దాటారు. వీధి మొదట్లో ఆగి, చేయి పైకెత్తి అడిగింది.

“వదినా, ఆ బోర్డు మీద ఏముంది?”

“నాకు పరీక్షలు పెడుతున్నావా?”

“ఏముందో చెప్పు.”

“ఏముంటుంది, ఎప్పుడూ ఉండేదే.”

“నిన్ననే మార్చారు.” ఆవిడ గొంతు మెల్లగా ఉంది. “అట్ట మీద ఉన్నవి పూలు కావు వదినా. మనుషులు. పచ్చకోట్లు వేసుకుని వరసల్లో నించున్నారు. ఎర్రవి వాళ్ళ టోపీలు.”

కొలతలక్క అక్కడే, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చుండిపోయింది. ముందు ఆమెకి తోచింది లెక్చరర్ గారి గురించి. పాపం ఆయన అంతసేపు మాట్లాడాడే అనుకుంది. ఆ తరవాతే తన సంగతి తోచింది. ఎన్నాళ్ళ నుంచి అని ఆడపడుచు అడిగింది. పోయిన వానాకాలం నుంచి అని చెప్పింది. ఎందుకు చెప్పలేదు అని అడిగింది.

జవాబు అక్కరలేకుండానే ఆడపడుచుకి తెలుసు. వాళ్ళమ్మకి, అంటే కొలతలక్క అత్తగారికి, ఎప్పుడో పాత రోజుల్లో శుక్లాల ఆపరేషన్ జరిగింది. కంటికి చీము పట్టింది. ఒకటి పోయాక రెండోది కూడా పోయింది. ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఆ ఏళ్ళన్నీ చెయ్యి పట్టుకుని నడిపించింది, కంచంలో ఏది ఎక్కడుందో చెప్పి తినిపించింది, తల దువ్వింది కొలతలక్కే. ఆడపడుచుకి అప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం. సెలవులకి వచ్చి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళేది.

“అత్తయ్యకి నేను చేశాను” అంది కొలతలక్క చివరికి. “నాకెవరు చేస్తారు? అమ్మాయికి తన పిల్లలతోనే సరిపోతుంది. మీ అన్నయ్యకి పప్పు కుక్కర్లో పెట్టడం కూడా రాదు.”

ఆడపడుచు పక్కన కూర్చుంది. “నేను చేస్తాను. అప్పుడు చెయ్యలేదుగా, అది బాకీ ఉంది. కానీ ఆ అవసరం రాదు. అమ్మ రోజులు కావివి. కోసేది కూడా ఇంతే ఉంటుందట.” వేలి గోరు చూపించింది. ఆ గోరు వదినకి కనబడదని గుర్తొచ్చి, ఆమె అరచెయ్యి తీసుకుని అందులో గోటితో చిన్న గీత గీసింది.

ఇంటికి వెళ్ళేసరికి భర్త వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడపడుచు గుమ్మంలోనే విషయం చెప్పేసింది. ఆయన విని, తెలుసు అన్నాడు.

ఇద్దరాడవాళ్ళూ ఆయన వైపు తిరిగారు. ఆయన తల వంచుకునే, రోజూ పొద్దున్న గది ఊడ్చేటప్పుడు సూదుల దిండులో ఖాళీ సూదులన్నిటికీ దారం ఎక్కించి పెడుతున్నానని చెప్పాడు. అంత కాలం ఆ నాలుగైదు సూదులే ఎలా సరిపోయాయో కొలతలక్కకి అప్పుడు అర్థమైంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుందట. ఆ పిల్లి తనేనని తెలిసేసరికి ఆమెకి మండిపోయింది. ఆపరేషన్ భయం కూడా ఎటు పోయిందో తెలియనంత కోపం వచ్చింది.

“తెలిసి ఊరుకున్నారా?”

“నువ్వే చెప్తావని చూశాను.”

“చెప్పకపోతే? గుడ్డిదాన్నయ్యేదాకా సూదులకి దారాలు ఎక్కిస్తూ కూర్చునేవారా?”

“అడిగితే నువ్వు మిషను తొక్కడం మానేస్తావేమోనని భయమేసింది” అన్నాడు. “అమ్మ చివర్లో అలాగే మంచం దిగడం మానేసింది.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు. అయినా ఆమె కోపం అంత తొందరగా పోలేదు. రెండు రోజులు ఆయనతో, టీ అక్కడ పెట్టండి, తలుపు వేయండి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు ముగ్గురూ కంటి ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ చిన్నది, చురుకైనది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ముందు కుడికన్ను చేద్దామని చెప్పింది. ఏం పని చేస్తారని అడిగి, దర్జీ అని తెలిసి, ఇలాంటి కళ్ళతో ఏడాది పాటు ఎలా కుట్టారని అడిగింది. కొలతలక్క వేళ్ళు చూపించింది. చూపుడువేలి కొన మీద సూది గాట్లు నువ్వులు చల్లినట్టున్నాయి. డాక్టరమ్మ ఆ వేలు చూసి, మందుల చీటీ రాసింది.

ఆపరేషన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆమె దేవుళ్ళందరినీ ఒకసారి తలుచుకునేలోపే అయిపోయింది. మర్నాడు కట్టు విప్పారు. మొదట కనబడింది గోడ. అంత తెల్లటి తెలుపుని చూసి ఎన్నాళ్ళయిందో. తర్వాత నర్సు చేతి గడియారం ముళ్ళు. తర్వాత భర్త మొహం. కనుబొమలు కూడా నెరిసిపోయాయి, బుగ్గలు లోపలికి పోయాయి. ఈయన ఎప్పుడు ఇంత ముసలాయన అయ్యాడని ఆమె బెంగపడింది. ఆయనేమో, బాగా కనబడుతోందా అని అడిగాడు. కనబడుతోంది, గడ్డం సరిగ్గా గీసుకోలేదు అంది. కోపం పోయిందని ఆయనకి ఆ మాటతో తెలిసింది.

ఇంటికి వచ్చాక కొన్ని రోజులు కుట్టొద్దన్నారు. కుట్టొద్దన్నారు కానీ చూడొద్దనలేదు. తీగకి వేలాడుతున్న చొక్కాలను ఒక్కొక్కటీ దింపి చూసుకుంది. చూస్తున్నకొద్దీ ఆమె మొహం పాలిపోయింది. జేబులు ఒకవైపుకి వాలి ఉన్నాయి. కాలరు కొనలు ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒక తెల్ల చొక్కాకి కాజాలన్నీ లేత నీలం దారంతో ఉన్నాయి. బడి వదిలే వేళ కిటికీ దగ్గర నించుని వీధిలో వెళ్ళే పిల్లలను చూసింది. తను కుట్టినవి తెలుస్తూనే ఉన్నాయి. ఎవరూ ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. కొందరు తల్లులు ఇంట్లో విప్పి మళ్ళీ కుట్టుకున్నారని, కొందరికి అసలు కనబడనే లేదని తరవాత తెలిసింది. కన్ను బాగుపడగానే అందరూ తెచ్చి ఇవ్వండి, సరిచేసి ఇస్తానని వీధంతా కబురు పెట్టింది. సగం మంది తెచ్చారు. మిగతా సగం, పిల్లాడు ఎదిగిపోతున్నాడు లెండి అక్కా, ఈ ఏటికి కానివ్వండి అన్నారు. ఆ మాట అనిపించుకోవడం ఆమెకి ఆపరేషన్ కంటే కష్టమైంది.

ఇదంతా చూసుకునే హడావుడిలో గూట్లో పుస్తకాన్ని మరచిపోయింది. ఒక మధ్యాహ్నం బాబిన్ కోసం చెయ్యి పెడితే తగిలింది. బయటికి తీసి బల్లమీద పెట్టుకుని చూసింది.

నిజమే, తోట కాదు. పచ్చకోట్ల మనుషులు, ఎర్ర టోపీల మనుషులు, కొండదాకా వరసలు. దగ్గరగా ఉన్నవాళ్ళకి కళ్ళూ ముక్కూ గీశారు కానీ అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఆమెకి ముందు నవ్వొచ్చింది. పూలతోటని తను అన్నదీ, లెక్చరర్ గారు ముందుకు జరిగి అందుకున్నదీ గుర్తొచ్చి, ఒంటరిగా గదిలో పొట్ట పట్టుకుని నవ్వింది. భర్త లోపల నుంచి పరుగున వచ్చి, కంటికి దెబ్బ తగులుతుంది మెల్లగా నవ్వు అన్నాడు. నవ్వు ఆగాక మళ్ళీ చూసింది. ఈసారి నవ్వు రాలేదు. మొదటి వరసలో చివరివాడికి కోటు బిగుతుగా ఉంది. చంక దగ్గర గుడ్డ లాక్కుపోతోంది. వాడు భుజాలు లోపలికి ముడుచుకుని నించున్నాడు. మిగతా వాళ్ళందరూ ఎదరకి చూస్తుంటే వాడొక్కడే కిందకి చూస్తున్నాడు. కొలతలక్క కాసేపు ఆ భుజాలనే చూస్తూ కూర్చుంది.

తరవాతి సమావేశానికి ఆమె పుస్తకం చదవకుండానే వెళ్ళింది. చదవడానికి డాక్టరమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మిగతా అందరూ చదివొచ్చారు. నాయకుడు చచ్చిపోలేదట, గుమాస్తా పందెం ఓడిపోయాడు. లెక్చరర్ గారు ఆమెను చూడగానే లేచి, పూలతోట మాట గురించి నెలంతా ఆలోచించానని, ఒక వ్యాసం కూడా మొదలుపెట్టానని చెప్పారు. ఆడపడుచు వదిన చెయ్యి నొక్కింది, చెప్పకులే అన్నట్టు. కొలతలక్క చెయ్యి విడిపించుకుంది.

“అయ్యా, నేను పెద్ద మాటేమీ అనలేదండి” అంది. “అప్పుడు నాకు కళ్ళు కనబడేవి కావు. టోపీలు చూసి పూలనుకున్నాను. అంతే.”

లెక్చరర్ గారు మెల్లగా కూర్చున్నారు. అందరూ ఆయన వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. “నాకు కళ్ళజోడుంది, అయినా నాకూ కనబడలేదు మీరు చూడలేకపోతున్నారని. అంతసేపు మీ ఎదురుగా కూర్చుని” అన్నారు. ఆ తరవాత, ఆ వ్యాసం ఏం చేయాలని ఎవరో అడిగితే, రాసేస్తాను, పేరు మాత్రం ఈవిడది పెట్టను, అన్నారు. మందుల షాపావిడ ఒక్కతే నవ్వలేదు. అన్నయ్యగారి పేరు చెప్పి చుక్కలు పట్టుకెళ్ళినందుకు కొలతలక్కని ఆవిడ గట్టిగానే మందలించింది. కొలతలక్క ఆ మాటలన్నీ పడింది.

చదవడానికి అనుమతి వచ్చిన రోజు ఆమె భోజనం చేసి, గిన్నెలు సర్ది, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మొదటి పేజీ తెరిచింది. అక్షరాలు చీమల్లా బారులు తీరి, ఒకదానికొకటి తగలకుండా, విడివిడిగా ఉన్నాయి. చాలా కాలం తర్వాత చదువుతోంది కాబట్టి పెదవులు కదిలిస్తూ చదివింది. ఊరి చివర భవనం తలుపు తెరుచుకుంది. ఒక మనిషి బయటికి వచ్చాడు. అతని చొక్కా అతనికి సరిగ్గా సరిపోయింది. అది చూసి వాళ్ళమ్మ గుమ్మంలో ఏడ్చింది.

కొలతలక్క ఆ వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదివింది. ఎందుకు ఏడ్చిందో తెలుసుకోవాలని పేజీ తిప్పింది.

అప్పుడే బయట పిలుపు వినబడింది. ఒక తల్లి తన పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని కొలతలకి వచ్చింది. భర్త లేవబోతే కొలతలక్క చేత్తో వారించింది. కూర్చోండమ్మా, ఈ పేజీ అయిపోనీ అని గుమ్మం వైపు కేకేసి, మళ్ళీ తల వంచుకుంది. కొలతలకి వచ్చినవాళ్ళని ఆమె కూర్చోబెట్టడం అదే మొదలు.